గట్టు మీద నిలబడితే ఈత రాదు

నీళ్ళంటే భయం. ఎత్తంటే భయం. చీకటంటే భయం. నలుగురిలో నోరు విప్పాలంటే భయం. ‘ముందు ఈ భయం పోనీ, తర్వాత చూద్దాం’ అనుకున్నవాళ్ళు చాలామంది అనుకున్నచోటే ఆగిపోయారు. భయాన్ని వెంటబెట్టుకునే బయల్దేరినవాళ్ళలో మాత్రం ఒకరు సముద్రాన్ని ఈదారు, మరొకరు ఎవరెస్టు ఎక్కారు!

కల్లూరు చుట్టుపక్కల చేలల్లో ఒకప్పుడు ప్రతి ఎండాకాలం ఓ బడి నడిచేది. దానికి పలక అక్కర్లేదు, బలపం అక్కర్లేదు. పంతులెవరంటే ఇంట్లో చిన్నాయనో, మేనమామో, పక్కచేని పెద్దమనిషో. బడి ఎక్కడంటే... దిగుడుబావిలో!

నలుచదరపు బావి. కపిలి తోలిన రోజుల్లో ఎద్దులు వెనక్కీ ముందుకీ నడిచిన బాట ఆనవాలు ఒకవైపు. లోపలికి రాతిమెట్లు. ఎక్కడో అడుగున పచ్చగా, కదలకుండా నీళ్ళు. గట్టు మీద ఏడెనిమిదేళ్ళ పిల్లాడు. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర. అది దొరక్కపోతే బెండ్లు. ఇంకొంచెం తర్వాతి రోజుల్లో అయితే లారీ ట్యూబు, ఖాళీ నూనె డబ్బా. దాంతోపాటే నడుముకొక తాడు. తాడు రెండో కొస చిన్నాయన చేతిలో.

“దూకు అబ్బీ!”

“నాకు భయం చిన్నాయనా...”

“భయమైతే కానీలే. దూకు. తాడు నా చేతిలో ఉండాది కదా!”

చిన్నాయన మాటను ఇంకోసారి చదవండి. ఆయన ‘భయపడొద్దు’ అనలేదు. ‘మగపిల్లోడివి, సిగ్గులేదా’ అనీ అనలేదు (అనేవాళ్ళూ ఉంటారు, వాళ్ళ దగ్గర ఈత నేర్చుకున్నవాళ్ళకన్నా బావిని చూస్తే పారిపోయేవాళ్ళే ఎక్కువ). భయం ఉంటే ఉండనీ, అది నీ పని, తాడు నా పని... ఇదీ ఆయన పద్ధతి. మొదటిరోజు దూకమనడు కూడా. కిందిమెట్టు పట్టుకుని కాళ్ళు కొట్టమంటాడు. రెండోరోజు బుర్ర కట్టి నీళ్ళలోకి వదులుతాడు. మూడోరోజు తాడు కొంచెం వదులు. ఇంకో నాలుగు రోజులకు తాడు ఆయన చేతిలో ఉందో లేదో పిల్లాడు చూసుకోవడం మానేస్తాడు. ఆ రోజు చూసి ఆయన తాడు వదిలేస్తాడు... చెప్పకుండా! చివరికి బుర్ర కూడా తీసేస్తాడు. నెల తిరిగేసరికి వాడే పైగట్టు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి ముక్కు మూసుకుని ఢామ్మని దూకుతుంటాడు. ‘నీ భయం ఎప్పుడు పోయిందిరా?’ అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. వాడికి గుర్తుండదు. ఎందుకంటే అది ఒకరోజున పోలేదు, ఒక్కో మెట్టూ దిగుతుంటే కాస్త కాస్తా జారిపోయింది.

ఇప్పుడు ఆ బావులు చాలావాటిలో నీళ్ళు లేవు. బోర్లు వచ్చాక కొన్ని ఎండాయి, కొన్ని పూడాయి. కల్లూరు కూడా కర్నూలు నగరంలో కలిసిపోయి ప్లాట్లూ, అపార్ట్‌మెంట్లూ అయింది. రెండు ఏళ్ళ ఊరైనా... ఒకపక్క తుంగభద్ర, మరోపక్క హంద్రీ... ఈత రాని తరం ఒకటి ఇక్కడ పెరిగిపోయింది. 2009 అక్టోబరు 2న ఆ రెండు ఏళ్ళూ కలిసి ఊరిని ముంచేశాక నీళ్ళంటే భయానికి కారణం కూడా దొరికింది. మిద్దెల మీద రాత్రంతా కూర్చుని కింద వీధిలో పారే నీటి చప్పుడు విన్నవాళ్ళను ‘భయం దేనికండీ’ అని అడగడం కూడా తప్పే.

అయితే భయానికి కారణం ఉండటం వేరు, ఆ భయమే మన తరఫున నిర్ణయాలు తీసుకోవడం వేరు.

‘మనతో యాడయితాది...’

భయం ఒంట్లో పుడుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటపడతాయి, నోరు ఎండిపోతుంది. మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డాలా అనే భాగం ‘ప్రమాదం’ అని గంట కొట్టగానే అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. పులి ఎదురైనా ఇంతే, మైకు ఎదురైనా ఇంతే. ఒంటికి ఆ తేడా తెలియదు.

అనుమానం మాత్రం ఒంట్లో పుట్టదు. మాటల్లో పుడుతుంది. అదీ మనింట్లో మాటల్లోనే! ‘నీకెందుకమ్మా అయన్నీ’, ‘పడితే ఎవరు దిక్కు’, ‘మన వంశంలో ఎవరూ చేయలేదు’, ‘మనతో యాడయితాదిలే’... పదేళ్ళప్పుడు విన్న ఈ మాటలు ముప్ఫై ఏళ్ళొచ్చేసరికి మన సొంత గొంతులోనే వినిపిస్తుంటాయి. కొనిచ్చిన స్కూటీ వరండాలోనే ఉంటుంది, అక్క మాత్రం ఆటో కోసం ఎదురుచూస్తుంటుంది. డిగ్రీలో మంచి మార్కులొచ్చిన కుర్రాడు ఇంటర్వ్యూ రోజున కడుపునొప్పి అంటాడు. రిటైరైన పెద్దాయన కాశీ చూడాలని ఉందంటాడు, తోడు దొరకలేదంటాడు. తోడు అడిగాడా అంటే, లేదు!

వీళ్ళందరికీ మనం చెప్పే మాట ఒకటే... ‘ధైర్యం తెచ్చుకో’. ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

నీళ్ళంటే భయపడే శ్యామల

గోలి శ్యామల కథ ఇక్కడ చెప్పుకోవాలి. యానిమేషన్ రంగంలో పనిచేసిన తెలుగావిడ. హైదరాబాదులో స్థిరపడ్డారు. నలభై ఏళ్ళు దాటేదాకా ఈత రాదు. రాకపోవడమే కాదు, నీళ్ళంటేనే భయం. ఆ భయం పోగొట్టుకోవడానికే ఈతకొలనులో దిగానని ఆవిడే పత్రికలవాళ్ళకు చెప్పారు. పతకాల కోసం కాదు, రికార్డుల కోసం కాదు... భయం కోసం!

నలభై దాటిన స్త్రీ మన ఊళ్ళలో ఈత నేర్చుకోవడానికి వెళ్తే నీళ్ళకన్నా ముందు దాటాల్సినవి చాలా ఉంటాయి. ఈతదుస్తులు వేసుకోవడానికి బిడియం. పక్కన చేపపిల్లల్లా ఈదే ఆరేళ్ళ పిల్లల ముందు రేకు అంచు పట్టుకుని వేలాడే నామోషీ. ‘ఈ వయసులో ఈత దేనికి’ అనే చుట్టాలు. నిజం చెప్పాలంటే నాలుగడుగుల లోతు కొలనులో మునిగిపోతామన్న భయంకన్నా నలుగురూ నవ్వుతారేమోనన్న భయమే చాలామందిని గట్టు మీద ఆపేస్తుంది.

శ్యామల దిగారు. ముందు కొలను అంచు. తర్వాత కొలను అడ్డంగా. తర్వాత నిలువుగా. తర్వాత కొలను చాలలేదు! పోలీసు ఉన్నతాధికారి, తానే పాక్ జలసంధిని ఈదిన రాజీవ్ త్రివేది లాంటివారి ప్రోత్సాహం దొరికింది. నేర్చుకోవడం మొదలుపెట్టిన నాలుగేళ్ళకు, 2021 మార్చి 19న, శ్రీలంకలోని తలైమన్నార్ తీరంలో తెల్లవారకముందే సముద్రంలో దిగారు. 13 గంటల 43 నిమిషాల తర్వాత మన ధనుష్కోటి దగ్గర ఒడ్డుకు చేరారు. దూరం దాదాపు 30 కిలోమీటర్లు. అప్పటికి ఆవిడ వయసు 47 దాటింది.

అలాంటి ఈత అంటే ఏమిటో కొంచెం ఊహించుకోండి. పక్కనే పడవ వస్తుంటుంది. కానీ దాన్ని పట్టుకోకూడదు. పట్టుకుంటే ఈత లెక్కలోకి రాదు. తిండీ, నీళ్ళూ పడవలోంచి అందిస్తే నీళ్ళలో తేలుతూనే తీసుకోవాలి. ఉప్పునీటికి నాలుక మొద్దుబారుతుంది, బట్ట రాసుకున్నచోటల్లా చర్మం ఒరుసుకుపోతుంది. జెల్లీ చేపలు తగిలితే వాత పెట్టినట్టుంటుంది. అన్నిటికన్నా కష్టం ఇంకొకటుంది. ప్రవాహం ఎదురైతే గంటసేపు చేతులు ఆడించినా ఒడ్డు ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. ‘మనతో కాదులే’ అనే గొంతు సరిగ్గా అప్పుడే లేస్తుంది. చుట్టూ వేరే చప్పుడేమీ ఉండదు కనుక ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

పాక్ జలసంధితో ఆవిడ ఆగలేదు. 2024 డిసెంబరు చివర్లో విశాఖపట్నంలో సముద్రంలో దిగి, రోజుకింత చొప్పున ఈదుతూ 2025 జనవరి మొదటివారంలో కాకినాడ చేరారు. సుమారు 150 కిలోమీటర్లు. అప్పటికి 52 ఏళ్ళు.

ఈ అంకెలు చూసి ‘అమ్మో, అంత మనవల్ల ఎక్కడ’ అనిపించడం సహజం. కానీ నాకు వీటన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఆ మొదటిరోజే. కొలను అంచు పట్టుకుని, ముఖం నీళ్ళలో పెట్టి, ఊపిరి వదిలిన ఆ మొదటి పది క్షణాలు. నీళ్ళంటే భయపడేవాళ్ళకు ఆ పది క్షణాలే పాక్ జలసంధి.

కుందేలూ, పామూ

బావిగట్టు మీది చిన్నాయనకు తెలిసిన విద్యను అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షలు పెట్టి మరీ తెలుసుకున్నారు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలి దగ్గరికి మూడేళ్ళ పిల్లాడు వచ్చాడు. పేరు పీటర్. కుందేలును చూస్తే ఒకటే ఏడుపు. ఆవిడ ‘కుందేలు ఏమీ అనదు నాన్నా’ అని ఉపదేశాలు చేయలేదు. పిల్లాడు ఇష్టమైన తిండి తింటుంటే కుందేలును బోనులో పెట్టి గదిలో ఆ చివర ఉంచారు. రోజురోజుకీ కొంచెం దగ్గరికి జరిపారు. కుందేలంటే భయంలేని పిల్లల్ని కూడా పక్కన ఆడుకోనిచ్చారు. చివరికి పీటర్ కుందేలును ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు. మన బావిలో కూడా అంతే కదా... కొత్తవాడు గట్టు మీద వణుకుతుంటే పాతవాళ్ళు నీళ్ళలో కేరింతలు కొడుతుంటారు. చిన్నాయన చెప్పిన వంద మాటలకన్నా ఆ కేరింతలే ఎక్కువ పనిచేస్తాయి.

తర్వాత 1960ల చివర్లో ఆల్బర్ట్ బండూరా అనే ఆయన పాములంటే విపరీతంగా భయపడేవాళ్ళ మీద పరిశోధన చేశారు. ఏటి ఒడ్డుకు వెళ్ళలేరు, తోటపని చేయలేరు, అంత భయం. వాళ్ళను జట్లుగా విడదీశారు. కొందరిని ఒళ్ళు వదులుగా ఉంచుకుని పామును ఊహించుకోమన్నారు. కొందరికి పాములను పట్టుకునేవాళ్ళ సినిమా చూపించారు. ఇంకొందరిని నిజంగానే పాము దగ్గరికి తీసుకెళ్ళారు. ముందు అద్దంలోంచి చూడటం. తర్వాత గదిలోకి రావడం. తర్వాత నేర్పేవాళ్ళు పామును పట్టుకుంటే వాళ్ళ చేతిమీద చెయ్యి వేయడం. తర్వాత చేతితొడుగుతో తాకడం. ఆపైన ఒట్టి చేత్తో. అన్ని జట్లలోకీ ఎక్కువ ఫలితం వచ్చింది ఈ చివరి జట్టుకే. ఏళ్ళ తరబడి ఉన్న భయం కొద్ది గంటల్లో లొంగిపోయింది.

అసలు విశేషం ఆ తర్వాత ఉంది. పాము భయం పోయినవాళ్ళు వచ్చి వేరే సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. ‘ఇన్నేళ్ళూ నావల్ల కాదనుకున్నది అయింది కదా, అందుకని ఇంకొకటి కూడా చేసి చూశాను’ అని. పామును పట్టుకున్నవాళ్ళకు నలుగురిలో మాట్లాడటం వంటి పనులు కూడా తేలికయ్యాయి! పాముకీ ఉపన్యాసానికీ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. సంబంధం మనిషి తన గురించి తాను అనుకునేదాంట్లో ఉంది. 1977లో బండూరా రాసిన ప్రసిద్ధ వ్యాసం దీని గురించే. ‘నేను చేయగలను’ అనే నమ్మకం నాలుగు చోట్ల నుంచి వస్తుందన్నారాయన. తాను స్వయంగా చేసి గెలిచిన అనుభవం, తనలాంటివాళ్ళు చేస్తుంటే చూడటం, ఇతరులు చెప్పే ధైర్యం, తన ఒంటి పరిస్థితి. వీటన్నిటిలో బలమైనది మొదటిది. మనం ఇళ్ళలో ఉదారంగా పంచేది మాత్రం మూడోది, వట్టి మాట!

ఇంకో సంగతి కూడా శాస్త్రవేత్తలు చెబుతారు. పాత భయం మెదడులోంచి చెరిగిపోదు. దానిమీద ‘ఏమీ కాలేదు’ అనే కొత్త జ్ఞాపకం పడుతుంది. అందుకే డ్రైవింగు నేర్చుకుని రెండేళ్ళు స్టీరింగు ముట్టుకోకపోతే మళ్ళీ చేతులు వణుకుతాయి. అది ఓటమి కాదు. కొత్త జ్ఞాపకం పలచబడింది, అంతే. మళ్ళీ నాలుగు రోజులు నడిపితే సరి.

బండ మీద వణికిన కాళ్ళు

మలావత్ పూర్ణ పేరు వినని ఇల్లు తెలుగునాట ఉండకపోవచ్చు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న ఊరు. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువు. ఆ గురుకులాలకు అప్పటి కార్యదర్శి ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్. ఆయనది మనకు ఏటి అవతలున్న అలంపురమే. గురుకులం పిల్లలంటే ‘పాపం, పేదపిల్లలు’ అని లోకం అనుకోవడం, ఆ పిల్లలూ అదే అనుకోవడం... ఈ జబ్బుకు మందుగా పర్వతారోహణ శిక్షణ మొదలైంది.

మొదటి మెట్టు ఎవరెస్టు కాదు, భువనగిరి! కోట ఉన్న ఆ ఏకశిలా గుట్టను కింద నిలబడి చూసినప్పుడు భయమేసిందని, కాళ్ళు వణికాయని పూర్ణ తర్వాత చెప్పుకుంది. శిక్షకుడు శేఖర్‌బాబు ఆధ్వర్యంలో తాడు కట్టుకుని ఒకసారి పైకెక్కి దిగాక ఆ వణుకు తగ్గింది. వందమందికి పైగా పిల్లలతో మొదలైన వడపోత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థ శిక్షణ, లద్దాఖ్‌లో ఎముకలు కొరికే చలి దాటుకుని చివరికి ఇద్దరి దగ్గర ఆగింది. పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టుకు నేపాల్ వైపు హిమపాతంలో 16 మంది చనిపోయారు. వీళ్ళు ఎక్కాల్సింది టిబెట్ వైపు నుంచి. వార్త విన్నాక ఎవరికైనా ఇంటికెళ్ళిపోదామనే ఉంటుంది. వెళ్ళలేదు. మే 25న ఇద్దరూ శిఖరం మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణ వయసు 13 సంవత్సరాల 11 నెలలు. ప్రపంచంలో అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల లేదు. దారిలో మృతదేహాలు కనిపించినప్పుడు మళ్ళీ భయమేసిందనీ ఆ పిల్ల దాచకుండా చెప్పింది. భువనగిరిలో పోయిన భయం ఎవరెస్టు మీద మళ్ళీ వచ్చింది! వస్తుంది మరి. అప్పటికి దానితో ఏం చేయాలో ఆమెకు తెలుసు. తర్వాత 2022లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ ఎక్కడం పూర్తిచేసింది.

మన కర్నూలు మనిషి తమ్మినేని భరత్ సంగతి కూడా చెప్పకపోతే ఊరివాళ్ళు ఊరుకోరు. 2017లో ఎవరెస్టు ఎక్కారు. ప్రపంచంలో 8 వేల మీటర్లు దాటిన శిఖరాలు పద్నాలుగే. 2025 అక్టోబరులో చో ఓయు ఎక్కడంతో భరత్ వాటిలో తొమ్మిది పూర్తిచేశారు. చుక్క నీటికోసం ఎదురుచూసే ఎర్రటి నేల నుంచి వెళ్ళి మంచులో నడవడం... తలుచుకుంటేనే చిత్రంగా ఉంటుంది.

తాడు లేని ధైర్యం

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. సాహసం వేరు, తెగింపు వేరు. లోతు తెలియని కాలవలో స్నేహితుల పందెం మీద దూకడం సాహసం కాదు. ఫోన్లో వీడియో కోసం లోయ అంచున వెనక్కి నడవడం సాహసం కాదు. మన కేసీ కాలవ, తుంగభద్ర, చేలల్లోని పాడుబావులు ఎంతమంది పిల్లల్ని మింగాయో ఆ ఇళ్ళకు తెలుసు. ప్రపంచం మొత్తం మీద 2021లో దాదాపు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బడిపిల్లలకు ఈత, నీటి దగ్గర జాగ్రత్తలు నేర్పాలని ఆ సంస్థ పదే పదే చెబుతోంది. పిల్లాడికి నీళ్ళంటే భయం ఉంటే మంచిదేలే, వెళ్ళకుండా ఉంటాడు అనుకునే తల్లిదండ్రులున్నారు. పదిహేనేళ్ళు వచ్చాక స్నేహితులతో వెళ్ళకుండా ఉంటాడా? వెళ్తాడు. ఈత రాకుండా వెళ్తాడు, భయమని చెప్పుకోలేక దిగుతాడు. ఆలోచించండి.

ఎంత నేర్చినవాళ్ళకైనా కొండ కొండే. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం నుంచి వెళ్ళిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మొనగాడు. 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ ప్రాణాలు వదిలాడు. కొండ మీద వాతావరణం చూసి వెనక్కి తిరగడం కూడా పర్వతారోహకులు నేర్చుకునే విద్యల్లో ఒకటి. మన ఇళ్ళలో మాత్రం వెనక్కి తిరిగినవాణ్ణి పిరికివాడంటాం. ఆ మాటకు భయపడే కొందరు తిరగాల్సినచోట తిరగరు.

కాబట్టి ఎవరు ఏది మొదలుపెట్టినా తాడు పట్టుకునే మనిషి ఉన్నాడా అని ముందు చూసుకోవాలి. ఈతకు శిక్షకుడు, కొండకు తాడూ శిరస్త్రాణమూ, అడవికి దారి తెలిసినవాడు, గుండెజబ్బో ఆస్తమానో ఉంటే డాక్టరు మాట. నీళ్ళనో ఎత్తునో తలుచుకుంటేనే ఊపిరాడక, రోజువారీ పనులే ఆగిపోయేంత భయమైతే అది సొంతంగా చేసుకునే ప్రయోగం కాదు. మానసిక వైద్యుల దగ్గర దానికి ఇదే మెట్లమెట్ల చికిత్స ఉంది.

ఆదివారం దూరంలో

సాహసం అనగానే హిమాలయాలూ, లక్షల రూపాయలూ గుర్తొస్తాయి. మనకు అంతదూరం అక్కర్లేదు. రాయలసీమ అంటే బండలూ బొక్కలే కదా అని వెక్కిరించేవాళ్ళకు తెలియదుగానీ, భయాన్ని మెట్లు మెట్లుగా దించుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. కల్లూరు నుంచి పొద్దున్నే బయల్దేరితే జగన్నాథగట్టు నడకకు వీలు. నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాతివనం. నీళ్ళ పక్కన చిత్రవిచిత్రమైన బండల మధ్య కట్టిన దారుల్లో ఎత్తుకు బెదిరే పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడిపించొచ్చు. కడప జిల్లాలో గండికోట ఉంది. పెన్నానది కోసుకుపోయిన లోయ అంచుకు ఒక్కసారిగా వెళ్ళక్కర్లేదు. పది అడుగుల అవతల కూర్చుని చూసినా చూసినట్టే.

చీకటికీ, ఇరుకుకీ భయపడేవాళ్ళకు బెలుం గుహలు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో చదునైన చేల కింద 3,229 మీటర్ల పొడవున ఉన్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982, 83లలో జర్మనీ గుహాన్వేషకులు వచ్చి లోపలికి వెళ్ళి కొలతలు తీశారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మాత్రం చాలాకాలం అటు పోవాలంటే జంకేవాళ్ళు. లోపల ఏముందో తెలియని గొయ్యి అది. 2002లో మెట్లు కట్టి, దీపాలు పెట్టి, గాలి పంపే యంత్రాలు అమర్చి అందరికీ తెరిచారు. ఇప్పుడు ఒకటిన్నర కిలోమీటరు దాకా నడిచి వెళ్ళొచ్చు. చీకటి అలాగే ఉంది, గుహ అలాగే ఉంది. మధ్యలో ఎవరో వెళ్ళొచ్చి దారి వేశారు, అంతే తేడా. 46 మీటర్ల లోతున పాతాళగంగ దగ్గరికి చేరేసరికి ఉక్కపోతకు చొక్కా తడిసిపోతుంది. మూసుకుపోయినట్టు అనిపిస్తే సింహద్వారం దగ్గరి నుంచే వెనక్కి రండి. ఇంకోసారి వెళ్ళినప్పుడు ఇంకో గది దాకా.

ఇక అహోబిలం. మన తాతముత్తాతలకు ‘అడ్వెంచర్’ అన్న మాట తెలియదు, మొక్కు తెలుసు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుని గుడి మీదుగా ఉగ్రస్తంభం దాకా వెళ్ళే దారి దారి కాదు, వాగూ రాళ్ళూ వేర్లూ. అయినా చేతికర్రలు పట్టుకుని అరవై దాటిన అవ్వలు ఎక్కుతుంటారు. వాళ్ళలో చాలామంది తమ ఊళ్ళో రెండో అంతస్తు మిద్దె మీదికి ఎక్కాలంటే ‘నాతో కాదు తల్లీ’ అనేవాళ్ళే! స్వామి ఎక్కిస్తున్నాడంటారు. నలుగురితో కలిసి, ఒక్కో రాయి చూసుకుంటూ, ఆయాసం వస్తే కూర్చుంటూ, గోవింద కొడుతూ వెళ్తే కాళ్ళు వాటి పని అవి చేసుకుంటాయి. పైన ఆ చీలిన బండ దగ్గర గాలి మనిషిని తోసేట్టు వీస్తుంది. ఎక్కడంకన్నా దిగడమే కష్టం. కింద లోయ అప్పుడే కనిపిస్తుంది మరి. అక్కడ తరచుగా ఓ దృశ్యం చూడొచ్చు. ఎక్కేటప్పుడు అందరికన్నా ఎక్కువ హడలిపోయిన మనిషి ఒక మలుపులో ఆగి, వెనక వస్తున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళకు చెయ్యి అందిస్తూ ఉంటుంది.

“ఇదో, ఈ రాయి మీద పెట్టమ్మా కాలు. కిందికి చూడొద్దు. నేను పట్టుకున్యా కదా!”